పొటాష్ చేసే పని ఏ రిపోర్టులోనూ కనపడదు

ఎంసెట్ రాసిన మా తరం వాళ్ళకి ఈ బిట్టు గుర్తుండే ఉంటుంది. హేబర్ పద్ధతిలో ఉత్ప్రేరకం? ఇనుము. వర్ధకం? మాలిబ్డినం. టిక్కు పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాం. అసలు వర్ధకం ఏం చేస్తుందని మేం అడగలేదు, సార్లూ చెప్పలేదు.

మా యాడికిలో చీనీ తోటకి వేసే యూరియా బస్తా ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చినా దానికి మూలం అమ్మోనియానే. 1909లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీలో ఆల్విన్ మిట్టాష్ అమ్మోనియా కోసం ఉత్ప్రేరకాలు వెతుకుతూ వేల మిశ్రమాలు పరీక్షించాడు. స్వీడన్ నుంచి తెచ్చిన ఒక ఇనుప ఖనిజం అద్భుతంగా పనిచేసింది, స్వచ్ఛమైన ఇనుము మాత్రం చతికిలబడింది. తేడా అంతా ఆ ఖనిజంలోని మలినాల్లో ఉందన్నమాట! ఆ దారిలోనే పొటాష్, అల్యూమినా, సున్నం కలిపిన ఇనుము తయారైంది. అల్యూమినా ఇనుప రేణువులు వేడికి ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడుతుంది. పొటాష్ ఇనుముకి ఎలక్ట్రాన్లు అందించి నైట్రోజన్ బంధం తెగడానికి సాయపడుతుంది. ఇనుము మీద ఈ చర్య ఎలా జరుగుతుందో విడమర్చి చూపిన గెర్హార్డ్ ఎర్ట్‌ల్‌కి 2007లో నోబెల్ వచ్చింది.

నాకు ఇంకా నచ్చిన కథ దీనికి ముందు మెట్టులో ఉంది. అమ్మోనియాకి కావలసిన హైడ్రోజన్ని సహజవాయువు, ఆవిరి కలిపి తీస్తారు. అక్కడ ఉత్ప్రేరకం నికెల్. అల్యూమినా లాంటి ఆధారం మీద దాన్ని సన్నటి రేణువులుగా పరిచి, ఎర్రగా కాలే గొట్టాల్లో నింపుతారు. చిక్కేమిటంటే ఆ నికెల్ మీద మసి పేరుకుంటుంది. పేరుకుంటే గొట్టం పూడుకుపోతుంది, ప్లాంటు ఆపాల్సిందే. అందుకే కొంచెం పొటాష్ కలుపుతారు. అది మసిని ఆవిరితో కలిసి గ్యాసుగా మారిపోయేలా చేస్తుంది. కానీ దీనికో మూల్యం ఉంది. పొటాష్ వల్ల నికెల్ వేగం కాస్త తగ్గుతుంది. మొదటిరోజు బెంచ్‌మార్కు చూసినవాడు "ఇదెందుకు, తీసేయండి" అనే అంటాడు. దాని విలువ తెలిసేది నెలల తర్వాత, గొట్టాలు ఇంకా పూడుకోకుండా ఉన్నప్పుడు.

ఈ చిటికెడు లెక్క యాడికి వైపు వాళ్ళకి కొత్తేం కాదు. బోయరెడ్డిపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఏం చేస్తారు? ఏ సిమెంటు ఫ్యాక్టరీలోనైనా చేసేదే. క్లింకర్‌తో పాటు నాలుగైదు శాతం జిప్సం కలిపి నూరతారు. అది లేకపోతే నీళ్ళు కలిపిన కాసేపటికే, మేస్త్రీ తాపీ ఎత్తేలోపే, బిగుసుకుపోతుంది. జిప్సం ఉత్ప్రేరక వర్ధకం కాదు, ఆ రసాయనం వేరు. కానీ వేగం తగ్గించి పనిని కాపాడటంలో రెండూ ఒకే బాపతు.

ఇప్పుడు మన ఆఫీసుల సంగతి. ప్రతి టీములోనూ ఒకరుంటారు. కోడ్ రివ్యూలో పదిసార్లు వెనక్కి పంపిస్తారు, టెస్టులు రాయమని సతాయిస్తారు, కొత్తగా చేరిన పిల్లలకి గంటలు గంటలు చెప్తారు. అప్రైజల్ ఫారంలో దీనికి గడి ఉండదు. పైగా ఆయన వల్ల రిలీజు రెండు రోజులు ఆలస్యం. మనుషుల్ని తగ్గించమని పైనుంచి లిస్టు అడిగితే మొదటిపేరు ఆయనదే అవుతుంది. మసి పేరుకునేది ఆ తర్వాత. అప్పటికి దానికి కారణం ఎవరూ వెతకరు.

అలాగని అడ్డుపడే ప్రతివాడూ వర్ధకం అయిపోడు. పొటాష్ కూడా ఎక్కువైతే ఉత్ప్రేరకాన్ని కప్పేస్తుంది. గంధకం చిటికెడు చాలు, నికెల్ పనికిరాకుండా పోతుంది. చిటికెడే కదా అని ఏదీ తేల్చెయ్యలేం. మిట్టాష్ చేసినట్టు కలిపి చూడాలి, తీసి చూడాలి, అన్నిటికన్నా ముఖ్యంగా చాలినన్ని రోజులు నడిపి చూడాలి. మూడు నెలల లెక్కతో మనిషిని కొలిచే చోట పొటాష్ ఎప్పుడూ దండగ ఖర్చులాగే కనపడుతుంది.