శ్రావణంలో బాత్ బాంబులు

సంక్రాంతికి హైదరాబాదు నుంచి బెజవాడ వైపు కార్లేసుకుని బయల్దేరే సాఫ్ట్‌వేర్ జనాభాకి మా ఊరు బాగానే తెలుసు. ఊరుగా కాదు లెండి, టోల్‌గేటుగా. పంతంగి, కొర్లపహాడ్ దాటాక వచ్చే మూడోది, చిల్లకల్లు. ఆ క్యూలో ఇరుక్కుని మా ఊరి పేరు పెట్టి తిట్టుకున్నవాళ్ళలో మీరూ ఉండే ఉంటారు :) 2022 దాకా మాది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. జిల్లా మారింది గానీ బోరు నీళ్ళు మారలేదు. ఆ నీళ్ళ సంగతి కాసేపట్లో చెప్తాను, ఈ కథలో వాటికీ భాగం ఉంది.

ఇంతకీ సంగతేంటంటే, 2024లో మా చెల్లి బాత్ బాంబుల వ్యాపారం మొదలుపెట్టింది. నేను దాన్ని ముంచాను.

బాంబు అనగానే కంగారు పడకండి. స్నానం నీళ్ళలో వేస్తే బుస్సున పొంగుతూ కరిగిపోయే రంగురంగుల ఉండలు అవి. 1989లో ఇంగ్లండులో పూల్ అనే ఊళ్ళో మో కాన్‌స్టంటైన్ అనే ఆవిడ ఇంటి వెనక షెడ్డులో తయారుచేసింది. ఆ తర్వాత 1995లో లష్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఆవిడ కూడా ఒకరు. ఆల్కా సెల్ట్‌జర్ మాత్ర నీళ్ళలో పొంగడం చూసి ఆ ఆలోచన వచ్చిందట. మనకి ఆ మాత్ర తెలీదు గానీ ఈనో తెలుసు కదా. ప్యాకెట్ వెనక చదవండి, స్వర్జికక్షార, నింబుకామ్లం అని ఉంటుంది. వంటసోడా, నిమ్మఉప్పు. అంతే సరుకు. దానికి కాస్త కార్న్‌ఫ్లోర్, ఎప్సమ్ సాల్ట్, నూనె, వాసన కలిపి ఉండ చుడితే బాత్ బాంబు. ఎప్సమ్ సాల్ట్ అంటే మరేదో కాదు, పత్తి ఆకులు ఎర్రబడితే మా వైపు రైతులు కొట్టే మెగ్నీషియం సల్ఫేటే. (అలాగని ఎరువుల కొట్లో దొరికేది తెచ్చి ఒంటికి పూసుకోకండి.)

మా చెల్లి డిగ్రీ అయ్యాక ఇంటి దగ్గరే పిల్లలకి ట్యూషన్లు చెప్పేది. సంక్రాంతిలోపు తన కాళ్ళ మీద నిలబడే పనేదైనా చూపిస్తే సరే, లేకపోతే సంబంధాలు చూడ్డం మొదలుపెడతానని నాన్న చెప్పారు. నాన్న చెడ్డవాడేం కాదు. గడువు పెట్టడం ఆయనకి అలవాటు, అంతే. అది ట్యూషన్ డబ్బుల్లోంచి మూడున్నర వేలు తీసి సామాను కొంది. ఆ మే నెలలో నేను వారం పాటు ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఇద్దరం కలిసి ఆరు ఉండలు చేశాం. అచ్చుల కోసం బాల్ ఐస్‌క్రీమ్ డబ్బాలు వాడాం, చిన్నప్పుడు తినేసి దాచుకునేవాళ్ళం చూడండి, అవే. రోహిణి కార్తె ఎండకి పొద్దున్నకల్లా రాళ్ళలా గట్టిపడ్డాయి. మా ఇంట్లో బాత్‌టబ్ ఎక్కడుంది, ప్లాస్టిక్ బకెట్‌లో వేశాం. బ్రహ్మాండంగా పొంగింది. నాన్న కూడా వచ్చి తొంగి చూసి "సోడా బండి లాగుందే" అన్నారు. అది మెచ్చుకోలు కిందే లెక్క.

ఇక నేను రెచ్చిపోయాను. జగ్గయ్యపేట చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయి? నేల కింద సున్నపురాయి ఉంది కాబట్టి. అందుకే మా బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. కుళాయిల చుట్టూ, బకెట్ల అంచుల్లో సున్నం పేరుకుంటుంది. బాత్ బాంబు కరిగితే వచ్చే సోడియం సిట్రేట్ నీళ్ళలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, నీళ్ళు మెత్తబడతాయి. అంటే టబ్బులున్న ఇంగ్లండు వాళ్ళకంటే బకెట్లున్న మనకే ఇది ఎక్కువ ఉపయోగం! చెల్లికి నాలుగు స్లయిడ్ల ప్రెజెంటేషన్ కూడా చేసి పంపాను. (అవును, నవ్వండి.)

శ్రావణమాసంలో మొదటి ఆర్డరు వచ్చింది. నందిగామలో దూరపు బంధువుల అమ్మాయికి ఓణీల ఫంక్షన్, వచ్చినవాళ్ళకి రిటర్న్ గిఫ్టులుగా నలభై కావాలి, ఒక్కోటి అరవై రూపాయలు. చెల్లి గొంతులో ఆ సంతోషం విని నేను శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చేశాను. ఫంక్షన్ ఆదివారం సాయంత్రం.

శనివారం ముసురు. చెల్లి "పది పది చొప్పున చేద్దాం అన్నయ్యా, ముందు పది చూసి మిగతావి చేద్దాం" అంది. నేను వద్దన్నాను. టైం లేదు, మేలో టెస్ట్ చేశాంగా, ఒకేసారి కొట్టేద్దాం అన్నాను. అమ్మ ఉప్పుజాడీ తెచ్చి నా ముందు పెట్టింది. ఉప్పు చెమ్మగిల్లి ముద్దయింది. "ఒరేయ్, శ్రావణంలో వడియాలు పెట్టేవాళ్ళని ఎక్కడైనా చూశావా?" అంది. "అమ్మా, ఇవి వడియాలు కాదే" అన్నాను.

రెండు కిలోల సోడా, కిలో నిమ్మఉప్పు. పొడి కూడుకోవట్లేదు, అచ్చులోంచి తీస్తే విరిగిపోతోంది. రెసిపీలో స్పిరిట్ లాంటిది చిలకరించమని ఉంది. మా దగ్గర లేదు. నీళ్ళయినా పర్లేదని చెల్లి చేతిలోంచి స్ప్రే బాటిల్ తీసుకుని నేనే కొట్టాను. నలభై ఉండలూ చక్కగా వచ్చాయి. ఆరేదాకా ఆగుదాం అంది చెల్లి. గాల్లో చెమ్మ తగుల్తుంది, వెంటనే చుట్టేద్దాం అన్నాను నేను. రాత్రి పన్నెండింటికి అన్నిటికీ ప్లాస్టిక్ కవరు చుట్టి రిబ్బన్లు కట్టి పడుకున్నాం.

ఇక్కడ కాస్త కెమిస్ట్రీ చెప్పాలి, ఎందుకంటే ఇంటర్‌లో బట్టీపట్టింది నాకు అప్పుడు అక్కరకు రాలేదు. సోడా, నిమ్మఉప్పు పొడిగా ఉన్నంతసేపూ కలిసి కూర్చున్నా ఒకదాన్నొకటి పట్టించుకోవు. చుక్క నీరు తగిలితే మొదలు. మూడు అణువుల సోడా, ఒక అణువు నిమ్మఉప్పు కలిస్తే మూడు అణువుల కార్బన్ డయాక్సైడు వస్తుంది, దాంతో పాటు మూడు అణువుల నీళ్ళు కూడా వస్తాయి. ఆ నీళ్ళు పక్కనున్న పొడిని తడుపుతాయి, అక్కడ మళ్ళీ మొదలు. బేస్ కేస్ లేని రికర్షన్ అన్నమాట. మేలో ఆ నీటిని ఎండ లాగేసింది. శ్రావణంలో ఎక్కడికి పోతుంది? పైగా నేను కవరు చుట్టి తలుపులేశాను. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ వైశాఖం, ప్రొడక్షన్ శ్రావణం. ఆఫీసులో జూనియర్ ఎవడైనా ఇలా చేస్తే నేనెంత క్లాసు పీకేవాణ్ణో నాకు తెలుసు.

పొద్దున్న లేచేసరికి కవర్లు బుడగల్లా ఉబ్బి ఉన్నాయి. లోపల ఉండలకి పులిపిర్లు లేచినట్టు, పగుళ్ళు. ఒకటి బకెట్‌లో వేస్తే రెండు బుడగలొచ్చి అడుక్కి పోయి కూర్చుంది. పొంగాల్సిందంతా రాత్రే పొంగిపోయింది. పార్వతీదేవి నలుగుపిండితో చేసిన బొమ్మకి ప్రాణం వచ్చింది, మా బొమ్మలు మాత్రం పురిట్లోనే పోయాయి.

చెల్లి ఏడవలేదు. ఒక్కో రిబ్బనూ విప్పి చుట్టి డబ్బాలో పెట్టుకుంది, మళ్ళీ పనికొస్తాయని.

అమ్మ అటకమీది డబ్బా దించింది. వేసవిలో ఎండబెట్టి మరపట్టించిన సున్నిపిండి. పెసలు, కాస్త శనగపప్పు, కచ్చూరాలు, బావంచాలు, కస్తూరి పసుపు, ఎండిన గులాబీ రేకులు. మెత్తగా కాదు, బరకగా. నూనె రాసుకున్న ఒంటిమీద అదీ పని, పప్పు పిండి నూనెని పీల్చుకుంటుంది, బరక మురికిని లాగుతుంది. సబ్బులాగా సున్నపు నీళ్ళతో దానికి పేచీ లేదు. నలభై చిన్న కవర్లలో పోసి, ఆ రిబ్బన్లే కట్టి, చెల్లీ నేనూ బస్సులో నందిగామ పట్టుకెళ్ళాం. కథ ఇక్కడ సుఖాంతం అయితే బాగుండేది. ఆవిడ ఒక కవరు వాసన చూసి "సున్నిపిండి మా ఇంట్లోనూ ఉంది కదమ్మా" అంది. కవర్లు తీసుకుంది, పంచింది కూడా. డబ్బు సంగతి ఎత్తలేదు. మేమూ అడగలేదు.

ఇదంతా చెప్పడానికి కూర్చున్నది నిజానికి ఆ రాత్రి భోజనాల దగ్గర జరిగిన దాని గురించి.

నాన్న అన్నం కలుపుకుంటూ, "దీనికి నిదానం లేదు. కొలతా పాడూ లేకుండా కలిపి ఉంటుంది. ఇలాంటివి దీనివల్ల కావు" అన్నారు. చెల్లి నావైపు చూసింది. ఒక్కసారే. నేను పచ్చడి వేసుకున్నాను.

మేం ఆఫీసులో ప్రతి అవుటేజ్ తర్వాత రూట్ కాజ్ ఎనాలిసిస్ రాస్తాం. మనుషుల పేర్లు రాయం, ఎవరినీ నిందించకూడదని నియమం. అంత పెద్దమనిషి తరహా పాటించే నేను, మా ఇంట్లో ఒక తప్పుకి వేరేవాళ్ళ పేరు రాసేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. నీళ్ళు కొట్టింది నేనే. నలభై ఒకేసారి అంది నేనే. నోరు విప్పడానికి ఐదు సెకన్లు చాలు. నాన్న దృష్టిలో నేను ఇంజనీరుని, ఆ మాట పోతుందని భయం, ఇంకేం లేదు. మర్నాడు పొద్దున్నే హైదరాబాదు వచ్చేశాను. వారం తర్వాత చెల్లికి మూడున్నర వేలు పంపితే తిప్పి పంపేసింది.

2025 భోగి రోజు తలంట్లప్పుడు చెప్పాను. నాన్న నూనె రాసుకుని పీట మీద కూర్చున్నారు, సున్నిపిండి గిన్నె నా చేతిలో ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన వీపు నావైపు ఉండటం వల్ల చెప్పగలిగాననుకుంటా. కాసేపు ఊరుకుని, "మీ అమ్మ ఆ మర్నాడే చెప్పిందిలే" అన్నారు. తర్వాత, "నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా. ఐదు నెలలు పట్టింది" అన్నారు. నేనేమీ అనలేదు. వీపు రుద్దాను.

గడువు ఇంకో ఏడాది పొడిగించారు. అది నా మాట వల్లో, అంతకుముందే అమ్మ ఒప్పించిందో తెలీదు, నేను అడగలేదు. చెల్లి బాత్ బాంబులు మానలేదు. మాఘం నుంచి వైశాఖం దాకా మాత్రమే చేస్తుంది, ఉండలు కాదు, బిళ్ళలు, బకెట్‌కి ఒకటి. ముసురు రోజుల్లో అమ్మ సున్నిపిండి అమ్ముతుంది. పెద్ద లాభాలేం లేవు, ట్యూషన్లు కూడా నడుస్తున్నాయి. నేను ఇంటికెళ్తే వంటింట్లోకి రానివ్వదు. వరండాలో కూర్చోబెట్టి చీటీలు అతికించే పని ఇస్తుంది. పోయిన వేసవిలో మూడొందల చీటీలు అతికించాను. నాలుగు వంకరగా ఉన్నాయని పీకి మళ్ళీ అతికించమంది.