చౌమహల్లాలో చిత్రలేఖన విద్య

హైదరాబాదు పాతబస్తీకి వచ్చు యాత్రికులు చార్మినారును జూచి, లాడుబజారులో గాజులు కొనుక్కొని, తిరుగుముఖము పట్టుచుందురు. ఆ గాజుల వీథి వెంట ముందునకు సాగినచో కొలది దూరమున చౌమహల్లా ప్రాసాదము గలదు. చౌమహల్లా యనగా నాలుగు మహలులు. దీని నిర్మాణము 1750 ప్రాంతమున సలాబత్ జంగు కాలమున నారంభమై, అయిదవ నిజామగు అఫ్జలుద్దౌలా కాలమున (1857–1869) పూర్తియయ్యెను. ఇందలి ఖిల్వత్ ముబారక్ అను సభామందిరమున నిజాములు కొలువు దీరుచుండిరి.

సోదరీమణులారా! మేము తోడికోడండ్ర మిరువురము తైలవర్ణ చిత్రలేఖనమును ఈ మందిరమును జూచి వ్రాయుటచేతనే అభ్యసించితిమి. ఐరోపాలో 18వ శతాబ్దమున రొకోకో శైలిని కట్టిన చర్చీలలో లతలు, పూవులు, బంగారుపూత, దేవదూతల ప్రతిమలు సందులేక క్రిక్కిరిసియుండును. ఖిల్వత్తునందును కంటికి తెరపి లేదు: పాలరాతి గద్దె, కమానులు, గచ్చుతో దీర్చిన నగిషీలు, పైని 19 స్ఫటికపు షాండ్లియర్లు.

ఇంతటి కష్టమైన దానిని ఎంచుకొనుటకు కారణము మా అత్తగారు. మోకాళ్ల నొప్పులచే ఆమె గడప దాటలేరు. ఆ దర్బారును జూడవలెనని చిరకాల వాంఛ. ఫోనులో తీసిన ఛాయాచిత్రమును జూపగా, “జిగేలుమనుటే గాని గది యెంతదో తెలియుట లేదమ్మా” అనిరి. ఆ గదిని ఇంటికి దెచ్చుటయే మా పని యయ్యెను.

అచ్చట పెన్సిలుతో గీసికొని, ఇంట రంగులు వేసితిమి. మన కంటికి పైనున్న గీతలు దూరమగుకొలది దిగును, క్రిందివి ఎక్కును. అన్నియు కంటి మట్టమున నొక్కచో గలియును. ఇది కుదిరినగాని గదికి లోతు రాదు. పిమ్మట కన్నులు సగము మూసి చూడవలెను. అప్పుడు నగిషీలు మాసి వెలుగునీడలు మాత్రమే నిలుచును. ముందు చీకటిని పరచి, దగ్గరి రెండు షాండ్లియర్లను స్ఫుటముగా దీర్చి, తక్కినవానిని మసక వెలుగుగా విడిచితిమి. పురవర్ణనమున కవి ప్రతి యింటిని లెక్కపెట్టడు గదా!

ఈ రంగులను కలుపునది అవిసెనూనె. అది నీరువలె ఆవిరిగాక, గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. కావున క్రింది పూతలలో నూనె తక్కువగను, పైవానిలో ఎక్కువగను ఉండవలెను. లేనిచో పగుళ్లు వచ్చును. వంటయింటి పిలుపు వచ్చి లేచినను రంగు వెంటనే ఎండిపోదు; ఇది గృహిణుల కెంతయు ననుకూలము. నూనె తుడిచిన గుడ్డలను మాత్రము ఉండచుట్టి పడవేయరాదు. తమంత తామే వేడెక్కి అంటుకొనవచ్చును. విప్పి ఆరుబయట ఆరవేయవలెను.

ఈ విద్య మన స్త్రీలకు క్రొత్తది గాదు. రాజమహేంద్రవరపు చిత్రకారుడు దామెర్ల రామారావుగారి (1897–1925) భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రలేఖనమున నేర్పు గడించినవారే.

మా పటమును అత్తగారి మంచమున కెదురుగా నుంచితిమి. వారు చాలసేపు చూచి, “ఈ కంబముల నడుమ ఆ చివరిదాక నడచి పోవచ్చునే!” అనిరి. షాండ్లియర్లు ఎన్నియో వారు అడుగలేదు.

చూడగోరువారు శుక్రవారము తక్క ఏనాడైనను పోవచ్చును; ఆనాడు ప్రాసాదమునకు సెలవు. పెన్సిలును, చిన్న పుస్తకమును మరువకుడు.