సిబిల్లా గురించి

రాత్రి ‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’ డైరెక్టర్స్ కట్ మళ్ళీ చూశాను. క్రూసేడ్ల మీద రిడ్లీ స్కాట్ 2005 సినిమా. అందులో హీరో బాలియన్ ఫ్రాన్స్ పల్లెలో కమ్మరి. చరిత్రలో మాత్రం తూర్పునే స్థిరపడ్డ ప్రభువుల బిడ్డ. ఆ మార్పు ఒప్పుకుంటాను, కొత్తవాడి కళ్ళతో మనమూ జెరూసలేం చూస్తాం కదా. జెరూసలేం రాణి సిబిల్లా దగ్గరే నా మనసు ఒప్పదు. చరిత్రలో ఆమెకి, భర్త గీని వదిలేస్తేనే కిరీటమన్నారు. సరేనని కిరీటం అందుకుని, తన చేతులతో అతని తలకే పెట్టిందామె! 1190లో ఏకర్ ముట్టడి శిబిరంలో చనిపోయేదాకా అతని పక్షానే ఉంది. తెరమీద ఆ పట్టాభిషేకం ఉంది, ఆ ప్రేమే లేదు. హీరోకి జోడీ కావాలని ఇంత గొప్ప మనిషిని తక్కువ చేశారు. ఇంకొకటి కూడా: 1187లో జెరూసలేం నగరం లొంగిపోయినప్పుడు మగవాడికి 10 దీనార్ల విమోచన ధనం. కట్టలేని వేలమంది బానిసలయ్యారు. సినిమాలో వాళ్ళెక్కడా కనబడరు.