రేవులో చక్రాల కుర్చీ

క్రూయిజు అనే మాటను తెలుగులో ఏమంటారని మా మనవరాలు అడిగింది. నలభై ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసిన పాపానికి ఇంటిలో ఇటువంటి ప్రశ్నలు నాకు తప్పవు. నౌకావిహారమన్నాను. "విహారమంటే ఏంటి తాతయ్యా?" అంది. ఊరికే తిరిగి రావడమన్నాను. "అయితే ఎక్కడికీ వెళ్ళరా?" అంది. మంచి ప్రశ్న. మనకు ఓడ, నావ, పడవ, దోనె, తెప్ప, పుట్టి, బల్లకట్టు, లాంచీ అని ఇన్ని మాటలున్నాయి గాని, ఇవన్నీ ఒక ఒడ్డున ఉన్నవాణ్ణి మరొక ఒడ్డుకు చేర్చడానికి పుట్టినవే. కాకినాడనుంచీ విశాఖపట్నంనుంచీ స్టీమరెక్కి రంగూను వెళ్ళిన మనవాళ్ళు పొట్టకూటికి వెళ్ళారు. ఎక్కినచోటనే మళ్ళీ దిగడానికి డబ్బు చెల్లించి ఓడ ఎక్కడమన్నది మన నిఘంటువుకు కొత్త వ్యవహారం.

ఈ చర్చకు మూలం మా అమ్మాయి. వాళ్ళు డాలస్‌లో ఉంటారు. గాల్వెస్టన్ రేవునుంచి ఒకసారి పిల్లలతోనూ, మోకాళ్ళ నొప్పులున్న మా వియ్యపురాలితోనూ ఓడలో వారం రోజులు తిరిగి వచ్చారు. అందులో లిఫ్టులున్నాయనీ, చక్రాల కుర్చీ పట్టేటంత వెడల్పు గుమ్మాలతో కొన్ని గదులు వేరుగా కట్టారనీ, పిల్లలను ఆడించే మనుషులు ఉన్నారనీ వర్ణించి వర్ణించి చెప్పింది. మా యింటావిడకు మూడేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడికాలు పట్టు తప్పింది. ఇంట్లో నాలుగు కాళ్ళ కర్రతో నడుస్తుంది, బయట చక్రాల కుర్చీ. అందుచేత అమ్మను తిప్పాలంటే ఓడే శరణ్యమని అమ్మాయి తీర్మానం. మన దేశంలోనూ ఓడలున్నాయట. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహారనౌక విశాఖకు రావడం, జనం రేవుకు పోయి చూడడం పేపర్లో చదివాము. 2023లో అక్కడ అందుకోసమే ఒక టెర్మినల్ కూడా ప్రారంభించారు.

అంతా విని మా యింటావిడ, "నాకు సముద్రం వద్దే. పాపికొండలు చూపించండి చాలు" అంది.

ఆవిడది రాజమహేంద్రవరం. చిన్నతనంలో వాళ్ళ నాన్నగారితో భద్రాచలానికి లాంచీలో వెళ్ళిందట. అప్పట్లో అది విహారం కాదు, బస్సు ఎక్కినట్టే. ముందు కొండ అడ్డం వచ్చి నది అక్కడితో అయిపోయిందనిపించేదనీ, లాంచీ దగ్గరకు పోగానే కొండ పక్కకు తప్పుకొని దారి ఇచ్చేదనీ పెళ్ళయిన నాటినుంచీ చెబుతూనే ఉంది. తీసుకువెళతానని నేనూ అన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. గోదావరి వరద మీద ఉన్న రోజు. అందులో ఉన్న 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. పోయినవారిలో మన హైదరాబాదువాళ్ళూ ఉన్నారు, వరంగల్లు పక్కన కడిపికొండవాళ్ళూ ఉన్నారు. అంతకు ముందు ఏడే, 2018 మేలో, మంటూరు దగ్గర గాలివానకు గిరిజనులు వెళుతున్న లాంచీ మునిగిపోయింది. కచ్చులూరు పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం నెల దాటాక ముక్కలుగా పైకి లాగినప్పుడు టీవీ కట్టివేసి, ఇక ఆ మాట ఎత్తవద్దన్నాను. ఆవిడ ఎత్తలేదు. పడవలు 2021 నవంబరులో మళ్ళీ మొదలయ్యాయి. గండిపోచమ్మ, పేరంటాలపల్లి వంటి చోట్ల కంట్రోలు రూములు పెట్టి, ఎంతమంది ఎక్కారో లెక్క రాసుకొని గాని పడవ వదలడం లేదని చెప్పారు. అయినా నాకు మనసొప్పలేదు. నా మనసొప్పకపోవడం ఆవిడకూ ఒప్పకపోవడమే అనుకున్నాను.

డిసెంబరు నెల, వరద లేదు, పిల్లలకు సెలవులు. అమ్మాయి పట్టుపట్టింది. టికెట్లమ్మే ఒకరికి ఫోను చేసి, పెద్దావిడకు చక్రాల కుర్చీ ఉంది, వీలవుతుందా అని నేనే అడిగాను. "ఏం ప్రాబ్లం లేదు సార్, మనవాళ్ళు ఉంటారు" అన్నాడు. ఈ వాక్యం వినగానే అనుమానించవలసినవాణ్ణి. ఎర్రగడ్డలో 2017లో మెట్రో వచ్చినప్పటినుంచీ లిఫ్టులకు అలవాటు పడి, లోకమంతా లిఫ్టులతో నిండి ఉందన్న భ్రమలో ఉన్నాను కాబోలు. నిజానికి మా ఇంటినుంచి రైతుబజారు దాకా కుర్చీ తోసుకువెళ్ళడమే పెద్ద దండయాత్ర. కాలిబాట మీద మోటారు సైకిళ్ళు ఉంటాయి, తోపుడుబళ్ళు ఉంటాయి, మెట్లుంటాయి. స్టేషను లిఫ్టు లోపలికి చేరితే మాత్రం అమీర్‌పేట మీదుగా ఎల్బీనగర్ వరకు మహారాజులా పోవచ్చు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు దొరికింది. రాజమండ్రిలో దిగి, కారులో రేవుకు చేరాము. అది ఏ రేవో చెప్పను. ఇంచుమించు అన్నీ ఒకటేనని తరువాత తెలిసినవారన్నారు. ఒడ్డునుంచి కిందికి మెట్లు. మెట్ల చివర బురద మీద ఇసుక బస్తాలు. అక్కడినుంచి పడవ అంచుకు రెండడుగుల వెడల్పు చెక్కబల్ల, పట్టుకోవడానికి ఒక వెదురు గడ. ఆ గడను కూడా ఇద్దరు కుర్రాళ్ళు చేతులతో పట్టుకుంటేనే నిలుస్తుంది.

కుర్చీని చూసి పడవ పెద్దమనిషి నా వైపు తిరిగాడు. "మేష్టారూ, మామ్మగారిని ఇక్కడ పాకలో కూర్చోబెట్టేద్దామండి. నీడ ఉందండి. సాయంత్రానికి వచ్చేస్తామండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను వెంటనే, "సరే, నేనూ ఉండిపోతాను, మీరు పిల్లలను తీసుకొని వెళ్ళిరండి" అని అమ్మాయితో అన్నాను. నా త్యాగానికి నేనే కొంచెం మురిసిపోయాను కూడా.

"నన్నెవరైనా అడిగారా?" అంది మా యింటావిడ.

గట్టిగా కూడా అనలేదు. ముప్ఫైమంది వింటూండగా నేను ఇటువంటి మాట పడడం అదే మొదటిసారి. ఫోనులో నేను అడిగాను, రైలులో టీసీకి నేను చెప్పాను, ఆసుపత్రిలో డాక్టరు ఆవిడ సంగతి నన్ను అడిగితే నేనే జవాబు చెప్పాను. మూడేళ్ళుగా ఆవిడ కర్త కాదు, కర్మ. వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి, నాకు ఈ సంగతి తట్టలేదు.

ఆవిడ ఆ కుర్రాళ్ళను పిలిచి, మెట్లు దింపడానికి తనను ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో చెప్పింది. కుడి చంక కింద పట్టుకోవద్దంది. అక్కడ నొప్పి ఉన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. బల్ల దగ్గరకు వచ్చాక, ఎత్తుకొని దాటిస్తామని వాళ్ళు అంటే వద్దంది. బల్ల మీద కూర్చుంది. చీర కుచ్చెళ్ళు దోపుకొని, ఎడమకాలు తన్నిపెట్టి, రెండు చేతులూ ఆనించి, కూర్చున్నది కూర్చున్నట్టే వెనక్కు జరుగుతూ దాటింది. పది పన్నెండు అడుగుల బల్ల. ఎంతసేపు పట్టిందో తెలియదు గాని, నేను ఆవిడను చూడలేక నీళ్ళకేసి చూశాను. సిగ్గుపడ్డాననే రాయాలి. ఆవిడ సిగ్గుపడలేదు. వెనుక మా మనవరాలు కూడా బల్ల మీద కూర్చుని, అమ్మమ్మలాగే జరుగుకుంటూ వచ్చి, "తాతయ్యా, ఇదే సేఫ్" అంది.

పడవలో ఇంకొక తగవు. లైఫ్ జాకెట్లు అందరికీ ఇచ్చారు గాని అన్నీ పెద్దవాళ్ళవే. నాలుగేళ్ళ మనవడికి తొడిగితే చెవులదాకా లేచి, కింద కాళ్ళ సందున పట్టీ లేక జారిపోయేటట్టుంది. మా అల్లుడు చిన్న జాకెట్టు తెస్తేనే పడవ కదలాలన్నాడు. తోటి ప్రయాణికులు విసుక్కున్నారు. "పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోండి సార్, ఏం కాదు" అన్నారొకరు. నేనూ మొహమాటపడ్డాను. అల్లుడు మాత్రం కదలలేదు. టైటానిక్ మునిగిన రెండేళ్ళకు, 1914లో మొదలైన సోలాస్ అనే అంతర్జాతీయ ఒడంబడిక ఒకటున్నదట. దాని ప్రకారం సముద్రం మీద దేశాలు దాటే ఓడలలో ప్రయాణికుల సంఖ్యలో కనీసం పదో వంతు పిల్లల జాకెట్లు వేరుగా ఉండాలి. పిల్లలు అంతకంటె ఎక్కువగా ఉంటే ప్రతి బిడ్డకూ ఒకటి ఉండాలి. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో కూడా అందరికీ ముందే చూపుతారు. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా బోల్తాపడినప్పుడు ఆనాడు ఎక్కినవారికి ఇంకా ఆ అభ్యాసం జరగలేదు. దరిమిలా, ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే జరిపి తీరాలని నియమం మార్చారు. ఇదంతా అల్లుడు నాకు తరువాత చెప్పినది. నది మీది పడవకు ఆ ఒడంబడిక వర్తించదు గాని, నీటికి ఆ తేడా తెలియదు కదా అన్నాడు. అరగంటకు పక్క పడవలోనుంచి ఒక చిన్న జాకెట్టు తెచ్చారు. రంగు వెలిసిపోయింది గాని సరిపోయింది.

పై అంతస్తుకు నిచ్చెనలాంటి మెట్లు. పిల్లలు పైకి, మేము కింద. పైన పాటలు, గంతులు. కింద వంటవాళ్ళు, ముసలివాళ్ళు, ఒక బాలింత. నది చూడడానికి కిందే మంచి చోటు. దేవీపట్నం వైపు పోలవరం నీళ్ళు ఎక్కి ఊళ్ళు ఖాళీ అయిన జాగాల్లో గోడలు, తలలు మాత్రం కనిపించే చెట్లు ఉన్నాయి. తను చూసిన గట్లేవీ ఇప్పుడు లేవని మా యింటావిడ అంది. కచ్చులూరు దగ్గర వంటకుర్రాడు ఉల్లిపాయలు తరగడం ఆపి, "ఇక్కడేనండి" అన్నాడు. అంతే. నీళ్ళు ఏ గుర్తూ లేకుండా ఉన్నాయి. నేను మనవణ్ణి కిందికి పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

భోజనాల వేళకు ఆవిడ ముఖం వాడిపోయింది. నీళ్ళు తాగమంటే వద్దంది. గుచ్చి గుచ్చి అడిగితే, పొద్దుననుంచీ చుక్క తాగలేదని చెప్పింది. పడవ వెనుక మరుగుదొడ్డికి మోకాలెత్తు గడప, లోపల తిరగడానికి చోటు లేదు. ఎక్కగానే అది చూసుకొని, సాయంత్రం దాకా నీళ్ళు మానివేయాలని నిర్ణయించుకుంది. ఎన్ని ప్రయాణాల్లో ఇలా చేసిందో అడిగాను. "అన్నిట్లోనూ" అంది. పక్షవాతం వచ్చినవాళ్ళు నీళ్ళు తగ్గించకూడదని డాక్టరు చెప్పినది నాకు. గడప సంగతి తెలిసినది ఆవిడకు. అప్పుడు అమ్మాయీ, ఆ బాలింతా కలిసి దుప్పటి అడ్డుపెట్టి, గడప దాటించి తీసుకువెళ్ళి తీసుకువచ్చారు. తరువాత రెండు గ్లాసుల మజ్జిగ తాగింది.

పేరంటాలపల్లిలో అందరూ శివాలయం చూడడానికి దిగారు. అక్కడ మళ్ళీ ఇసుక, మళ్ళీ ఎక్కుడు. ఆవిడ దిగనంది, ఈసారి అది ఆవిడ మాట. నేను ఉండనా, వెళ్ళనా అని అడిగాను. "వెళ్ళి రండి. నాకు కాసేపు ఒక్కదాన్నే ఉండాలనుంది" అంది. వెళ్ళాను. అడవిలోనుంచి వచ్చే నీటిధార దగ్గర చేతులు కడుక్కొని, వెదురు బొమ్మలు అమ్మేవాళ్ళ దగ్గర పిల్లలకు ఒక చిన్న పడవ కొని తిరిగివచ్చేసరికి, ఆవిడ పడవ అంచున ఎడమచేయి నీళ్ళకు వేలాడేసి కూర్చుంది. పలకరించలేదు. కొండ తప్పుకొని దారి ఇచ్చిందా అని సాయంత్రం అడిగితే, "ఇచ్చింది గాని, అప్పటికంటే ఆలస్యంగా ఇచ్చింది" అని నవ్వింది.

పెద్ద ఓడలు అన్నిటికీ మందు అని నేను అనడం లేదు. గాల్వెస్టన్‌నుంచి వెళ్ళిన ఓడ బెలీజ్ దగ్గర ఒడ్డుకు చేరలేక దూరాన లంగరు వేసిందట. చిన్న పడవలలో జనాన్ని దింపారు. చక్రాల కుర్చీలవాళ్ళు ఓడలోనే ఉండిపోయారని వియ్యపురాలు చెప్పింది. అంటే అక్కడా ఒక బల్ల ఉన్నది, చివరి పది అడుగులది.

ఎర్రగడ్డకు వచ్చాక అమ్మాయి వచ్చే ఏటి ఓడ వివరాలు కంప్యూటరులో తెరిచి అమ్మ ముందు పెట్టింది. ఈత కొలను చూపింది, భోజనశాల చూపింది, ఆరు నెలలు నిండని పసివాళ్ళను చాలా ఓడలలో ఎక్కించుకోరని కూడా చదివింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకొని అంతా చూసి, "బాత్‌రూముకు గడప ఎంత ఎత్తో రాయలేదే" అంది.

అమ్మాయి ఆ రాత్రే వాళ్ళకు ఉత్తరం రాసింది. ఏం రాయాలో వాళ్ళ అమ్మ చెప్పింది. జవాబు ఇంకా రాలేదు.