కాకుల కాపలా

వేసవి సెలవులు ఇవ్వగానే మా ఇంట్లో నాకో ఉద్యోగం వచ్చేది, కాకుల కాపలా. ఉయ్యూరుకి నాలుగు మైళ్ళ అవతల, పిల్లకాలవ గట్టున మా ఊరు. మినుములు ఇంటికి చేరి, బెజవాడ బ్యారేజీ దగ్గర కాలవలు కట్టేసి, మామిడికాయలు టెంక కట్టే వేళకి మా నాయనమ్మ తెల్లవారుజామునే లేచి, జీలకర్రా పచ్చిమిరపకాయలూ ఇంగువా కలిపి రుబ్బిన మినప్పిండి గిన్నె చంకన పెట్టుకుని, దొడ్లో నులకమంచం మీద తడిపిన పాత పంచె పరిచి, వరసగా వడియాలు పెట్టుకుంటూ పోయేది. ఇంగువ వాసన, వేపపువ్వు వాసన, పక్కనే కుడితి గోలెం వాసన, మూడూ కలిసి ఎండెక్కేకొద్దీ చిక్కబడేవి. చింతబరికె పుచ్చుకుని వేపచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ నేను కూర్చునేవాణ్ణి.

కాకులు బరికెను చూసి వచ్చేవి కావు, నన్ను చూసి వచ్చేవి. బరికె చేతిలో ఉంటే పెంకుటింటి కొప్పు మీద, ఒళ్ళో పెట్టుకుంటే బావి గిలక మీద, నాకు కునుకు పడితే మంచం కోడు మీద. ఒకటి ఎదురుగా వాలి తల అటూ ఇటూ వంచి అరుస్తుంటే, నేను దాని మీదికి లేచేలోపు రెండోది వెనకనుంచి వచ్చి వడియం పట్టుకుపోయేది. ఆ తర్వాత రెండూ ఒకే కొమ్మ మీద చేరేవి. "అవి మొగుడూ పెళ్ళాలురా, నువ్వొక్కడివి ఏం చేస్తావు" అనేది నాయనమ్మ. కర్రకి నల్లగుడ్డ చుట్టి, చచ్చిన కాకి వేలాడుతున్నట్టు నిలబెట్టేది. రెండు రోజులు దూరం నుంచే గోల చేసి, మూడోనాడు ఆ కర్ర మీదే వాలి ముక్కు తుడుచుకునేవి.

నాయనమ్మకి పళ్ళు లేవు. జంతికలంటే ప్రాణం. మజ్జిగలో నానేసుకుని, మెత్తబడ్డాక చప్పరించేది. ఒకనాడు గట్టిపడ్డ జంతిక ముక్క ఒకటి దొడ్లో పడేస్తే, కాకి దాన్ని ముక్కున కరుచుకుని గోలెం అంచు మీద వాలి, కుడితిలో ముంచి, తీసి చూసి, మళ్ళీ ముంచి, నానాక తింది. నాయనమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "దానికీ నాకులాగే పళ్ళు లేవురా" అంది. అప్పట్నుంచి తన వాటాలో ఓ ముక్క గోలెం అంచు మీద పెట్టడం అలవాటైంది. కడుపు నిండితే ఆ కాకి మిగిలింది తీసుకెళ్ళి పెంకుల సందులో దూర్చి, పైన ఓ ఎండుటాకు కప్పి, ఎవరూ చూడలేదు కదా అని నలువైపులా చూసుకునేది. నేను చూస్తున్నానని తెలిస్తే తీసి ఇంకోచోట దాచేది.

నాకు పదేళ్ళప్పుడు, 1976 వేసవిలో, ఆ కాకులకీ నాకూ పగ వచ్చింది. వేపచెట్టు గూట్లోంచి పిల్ల ఒకటి కింద పడింది. ఈకలు సరిగా రాలేదు. పిల్లి పట్టుకుంటుందని చేతుల్లోకి తీసుకున్నాను, అంతే. తల్లీ తండ్రీ నెత్తిమీద తన్నాయి. ఊళ్ళో కాకులన్నీ పోగయ్యాయి. కాకి తల మీద తన్నితే కీడని నాయనమ్మ బావి దగ్గర నాలుగు చేదలు గుమ్మరించి, శివాలయంలో దీపం పెట్టించింది. కీడు సంగతేమో గాని, ఆ రోజునుంచి నేను గడప దాటితే చాలు, కాకి నా వెంటే. చొక్కా మార్చాను, తలకి తువ్వాలు చుట్టాను, మా బాబాయి కొడుకూ నేనూ ఒకే గుడ్డతో కుట్టించిన చొక్కాలు వేసుకుని కలిసి నడిచాం. వాణ్ణి వదిలేసి నన్నే తన్నింది. పిల్లని ముట్టని కాకులు కూడా, వాటితో చేరి, నన్ను చూస్తే అరిచేవి.

నాయనమ్మ మందు ఒకటే. "మొహం చూసి కోపం పెంచుకుంది. ఆ మొహంతోనే అన్నం పెట్టు." రోజూ నేను భోజనానికి కూర్చునేముందు ప్రహరీ గోడ మీద ఒక ముద్ద పెట్టాలి, పెట్టి పారిపోకూడదు, పది అడుగుల దూరంలో నిలబడాలి. వారం రోజులు ముద్ద చీమలపాలైంది. తర్వాత నేను వెనక్కి తిరిగాక తినేది. ఏరువాక వచ్చి, కాలవలకి నీళ్ళొదిలి, ఆకుమళ్ళు పచ్చబడేనాటికి నేను నిలబడి ఉండగానే వచ్చి తింది.

మా అమ్మాయి ఇప్పుడు సియాటిల్‌లో ఉంటుంది. అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ అనే ఆచార్యుడు 2006లో ఓ మాస్కు తొడుక్కుని కాకుల్ని పట్టి, కాళ్ళకి కడియాలు వేసి వదిలాడట. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, ఎవరు ఆ మాస్కు తొడుక్కుని నడిచినా కాకులు వెంటపడి అరిచాయట, పట్టుబడని కాకులు కూడా. ఫోన్లో ఈ మాట చెబుతుంటే నాకు ఆ ఒకే గుడ్డ చొక్కాలు కళ్ళ ముందు ఆడాయి. నాయనమ్మ ఓనమాలు కూడా దిద్దలేదు.

కాకులతో పగ వచ్చిన ఆ వేసవి చివర్లోనే పక్కింటి చింతచెట్టు మీద ఇంకో కాకి, తనకంటే భిన్నంగా ఉన్న పిల్లకి మేత పెట్టడం చూశాను. నోరు ఎర్రగా తెరుచుకుని, ఎంత పెట్టినా చాలదన్నట్టు అరుస్తోంది. "అది కోయిల పిల్ల. నల్ల కోయిల కూసి కాకిని తరుముడికి లాక్కెళ్తే, చుక్కల కోయిల వచ్చి గుడ్డు పెట్టిపోయింది" అంది నాయనమ్మ. కూసేది మగదని, చుక్కల పిట్ట కూడా కోయిలేనని నాకు అప్పుడే తెలిసింది. మరి ఇంత తెలివైన కాకి ఎందుకు మోసపోయిందని అడిగితే, "నోరు తెరిచి అడిగినదానికి పెట్టకుండా ఎలా ఉంటుందిరా" అంది. అంతకంటే మంచి జవాబు ఇప్పటిదాకా నేను ఎక్కడా చదవలేదు.

మిగతా పిట్టలకీ ఆ దొడ్లో చోటుండేది. అరుగు మీద పిచ్చుకల కోసం కొత్త వరికంకుల కుచ్చు కట్టేవాళ్ళం. దమ్ము చేసే అరక వెనక తెల్లకొంగలు నడిచేవి. తోక రెండుగా చీలిన పసుల పోలిగాడు గేదె వీపు మీద కూర్చుని, తన గూడున్న చెట్టు వైపు ఏ కాకి వచ్చినా తరిమి కొట్టేవాడు. ఆ ధైర్యం చూసుకునే గువ్వలు ఆ చెట్టు మీదే గూడు పెట్టుకునేవి.

1977 నవంబరు 19. దివిసీమని సముద్రం ముంచిన రోజు. మా ఊరికి ఉప్పెన రాలేదు గాని గాలి వచ్చింది. పశువుల పాక ఎగిరిపోయింది, వేపచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది, కోతకొచ్చిన చేను నీళ్ళలో పరుచుకుంది. తెల్లారితే ఒక్క కాకి అరుపు లేదు. చింతచెట్టు కింద కాకులు, గోరింకలు, కొంగలు కలగలిసి పడున్నాయి. నాన్నా బాబాయీ గొయ్యి తీసి పూడ్చారు. నాలుగోనాడు, పడిపోయిన వేపమాను మీద ఓ కాకి వాలింది. తడిసిన బియ్యంతో వండిన అన్నం, ముక్క వాసనేస్తోంది. నాయనమ్మ అందులోంచే ముద్ద తీసి నా చేతికిచ్చింది. ఇది మన కాకేనా అని అడిగాను. "నిన్ను చూసి అరవలేదుగా, ఎరిగినదే అయ్యుంటుంది" అంది.

1980 కృష్ణా పుష్కరాలకి తాతయ్య పిండానికని బెజవాడ వెళ్ళాం. రేవు నిండా పిండాలే, ఒక్క కాకీ ముట్టడం లేదు. పక్కవాళ్ళు దిగులుపడుతుంటే నాయనమ్మ, "వాటికి కడుపు నిండింది, ఆకలైన కాకి ఉన్నచోటికి పదండి" అని మమ్మల్ని గట్టు వెంట చాలా దూరం నడిపించింది.

తర్వాత ఆరేళ్ళకి ఆవిడే పోయింది. పదోరోజున మా ఊరి కాలవ గట్టున పిండం పెట్టి అందరం వెనక్కి జరిగాం. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి, దిగలేదు. నాన్న దండం పెట్టాడు, బాబాయి పెట్టాడు. మా అత్తయ్య కొంగున కట్టుకొచ్చిన జంతిక ముక్క విప్పి పిండం పక్కన పెట్టి వచ్చింది. కాసేపటికి ఓ కాకి దిగింది. పిండం ముట్టకుండా ముందు జంతిక తీసుకుంది. కాలవ అంచుకి గెంతి, నీళ్ళలో ముంచి, నానేదాకా ఆగి తింది.