ముక్కు కింద వేలెడు జాగా

అర్ధరాత్రి దాటాక స్లీప్ ల్యాబ్‌లో ఏ చప్పుడు దేనిదో నా చెవికి తెలుసు. సీపాప్ యంత్రం పెట్టి ఒత్తిడి సరిపోయాక గురక ఆగిపోతుంది, గదిలో సన్నటి గాలి హోరు ఒక్కటే మిగులుతుంది. ఆ హోరు మధ్యలో ఆగి ఆగి బుస కొట్టినట్టు వినిపించిందంటే మాస్కు అంచు ఎక్కడో లేచినట్టే. పక్కగదిలో నా ముందున్న తెర మీద లీకు గీత పైకి పోతుంది. లేచి వెళ్లి, మనిషి నిద్ర చెడకుండా చీకట్లోనే మాస్కు సర్ది రావాలి. బెజవాడలో పదమూడేళ్లుగా ఇదే నా ఉద్యోగం. అలా సర్దడానికి వెళ్లినప్పుడు నా వేళ్లకు ఎక్కువసార్లు తగిలింది గడ్డమే.

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోవడమే స్లీప్ ఆప్నియా. గంటకు సగటున ఐదు లోపు అడ్డంకులుంటే మామూలే అంటారు, 30 దాటితే తీవ్రం. సీపాప్ గాలిని కాస్త ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే డాక్టరు ఐదుగురు రోగుల మీద దీన్ని వాడి 1981లో ఫలితాలు ప్రచురించారు. తొలి రోజుల్లో మాస్కును రాత్రికి రాత్రి జిగురుతో అంటించుకోవలసి వచ్చేది. ఇప్పుడా జిగురు లేదు. పల్చటి సిలికాన్ పొర లోపలి గాలికి ఉబ్బి చర్మాన్ని పట్టుకుంటుంది. మధ్యలో వెంట్రుకలు అడ్డమొస్తే ఆ పట్టు నిలవదు.

2018 వేసవిలో వన్‌టౌన్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మసీదులో అజాన్ ఇచ్చే మనిషి. గుండెల దాకా తెల్లటి గడ్డం. గంటకు 46 సార్లు ఊపిరి అడ్డుపడుతోంది. పరీక్ష రాత్రి నోరు తెరిచి నిద్రపోయారని ముక్కూ నోరూ రెండూ కప్పే పెద్ద మాస్కు పెట్టాను. దాని కింది అంచు సరిగ్గా గడ్డంలో కూర్చుంది. పట్టీలు బిగించాను, సైజు మార్చాను, మళ్లీ బిగించాను. బుస ఆగలేదు. తెల్లవారుజామున అలసటలో ఒక మాట అనేశాను: "గడ్డం తీసేస్తే గానీ ఇది కుదరదండీ."

ఆయన కోప్పడలేదు. మాస్కు తీసి నా చేతిలో పెట్టి, "సరే బేటీ" అని లేచి వెళ్లిపోయారు. వాళ్లబ్బాయి అప్పటికే యంత్రం కొనేశాడు. నెల తర్వాత ఫోన్ చేస్తే బీరువాలో ఉందన్నాడు. రెండోసారి చేసినా అదే మాట. అంత జబ్బున్న మనిషి మందు అందుబాటులో ఉండి కూడా వాడకపోవడానికి కారణం నా నోటి మాట. అది నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

అదే ఏడు కార్తీకంలో ఆటోనగర్ నుంచి ఒకాయన వచ్చాడు. లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది ఆయనకు. రెండేళ్లుగా పెద్ద మాస్కు వాడుతూ హాయిగా నిద్రపోతున్న మనిషి. అయ్యప్ప మాల వేసుకున్నాడు. 41 రోజులు కత్తెర గానీ బ్లేడు గానీ తగలకూడదు. రెండో వారానికి గడ్డం ముళ్లలా లేచి మాస్కును నిలవనివ్వడం లేదు. పొద్దునకి కళ్లు ఎర్రబడుతున్నాయి, ముక్కు మీద చర్మం ఒరుసుకుపోయింది. మధ్యాహ్నం షెడ్డులో వెల్డింగ్ దగ్గర కునికాడట. "మాల తీసేదాకా మిషను పక్కన పెట్టేస్తాను మాతా" అన్నాడు.

ఈసారి నేను వెంటనే జవాబు చెప్పలేదు. "ఎక్కడ పడుకుంటున్నారు స్వామీ? తలకింద ఏం పెట్టుకుంటున్నారు? ఏ వేళప్పుడు స్నానం?" అని అడుగుతూ కూర్చున్నాను. నేల మీద చాప, దిండు లేదు, రెండుపూటలా తలస్నానం. జవాబులన్నీ ఆ దీక్షతో ముడిపడినవే. సాయంత్రం స్నానం చేసిన గడ్డం పూర్తిగా ఆరకుండానే మాస్కు పెట్టేస్తున్నాడు. చల్లటి నేల మీద గొట్టంలో తేమ నీరై ముఖం వైపు జారుతోంది. నా దగ్గరికి వచ్చింది గడ్డం ఫిర్యాదే, అందులో సగం గడ్డానిది కాదు.

ఆయనకు పిల్లోస్ ఇచ్చాను. ముక్కు రంధ్రాల అంచున ఆనే రెండు చిన్న సిలికాన్ బుడిపెలు అవి. బుగ్గల మీదా గదవ మీదా వాటికి పనే లేదు. ఇబ్బందల్లా మీసంతో. మామూలు రోజుల్లో అయితే రంధ్రాల అంచుకు వచ్చే నాలుగు వెంట్రుకలు కత్తిరించమంటాను. దీక్షలో అది కుదరదు. తడి వేలితో మీసాన్ని రెండు పక్కలకూ కిందికి దువ్వి, ఒక సైజు పెద్ద బుడిపెలు పెట్టి చూశాం. ఒత్తిడి 11 దగ్గర యంత్రం నడుస్తుండగా, చాప మీద పడుకోబెట్టే చూశాను. కూర్చున్నప్పుడు కుదిరిన మాస్కు పడుకోగానే జారుతుంది. ముఖం పక్కకు వాలితే చెంప కదులుతుంది, తక్కువ ఒత్తిడి దగ్గర ఆగిన గాలి ఎక్కువ దగ్గర ఆగదు. ఇదంతా తెలిసి కూడా ఎందరినో కుర్చీలో కూర్చోబెట్టే మాస్కు చూసి పంపాను, పని తొందరలో.

గొట్టానికి పాత నల్ల పంచె చుట్టి, గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్‌ను ఒక మెట్టు తగ్గించమన్నాను. రెస్‌మెడ్ యంత్రాల్లో నిమిషానికి 24 లీటర్లు దాటితే పెద్ద లీకు కింద లెక్క. అంతకుమించితే లోపల ఊపిరి ఆగిందో లేదో యంత్రం సరిగా పసిగట్టలేదు. ఆయన లీకు 38 నుంచి 14కి దిగింది. మొదటి రెండు రాత్రులూ నోటి నుంచి గాలి పోయి గొంతు ఎండింది, మూడో రాత్రికి నోరు దానంతటదే మూతపడిందని చెప్పాడు.

ఆ మాటే నన్ను ఆపింది. పెద్దాయనది నోటితో పీల్చే అలవాటని పెద్ద మాస్కు పెట్టానే గానీ, గొంతు తెరుచుకున్నాక ఆ అలవాటు మానే అవకాశం ఆయనకు నేను ఇవ్వనేలేదు. మరొకటి కూడా గుర్తొచ్చింది. మతాచారం ప్రకారం ఆయన గడ్డం వదిలేసి మీసం మాత్రం పొట్టిగా కత్తిరించుకునేవారు. ముక్కు కింద వేలెడు జాగా నున్నగా ఉంది. ముక్కు వరకే కప్పే మాస్కుకు కింది అంచు ఆనడానికి ఆ వేలెడు చాలు. రాత్రంతా గడ్డాన్నే చూస్తూ ఆ జాగా చూడలేదు నేను.

అప్పటి నుంచి గడ్డమున్న మనిషి వస్తే ముందు అదెందుకు పెంచుతున్నారో అడుగుతాను. భార్య కడుపుతో ఉందని పెంచే కుర్రాళ్లకి నాలుగైదు నెలల ఏర్పాటు చాలు. చెంపమీద కాలిన మచ్చ కప్పుకునేవాళ్లకి అది జీవితాంతం ఉండేది, వాళ్ల ముందు బ్లేడు మాటే ఎత్తను. రెండు రోజుల మాసిన గడ్డం ముదిరిన గడ్డం కన్నా మొండిది, నిటారుగా నిలబడి సిలికాన్‌ను నెట్టేస్తుంది. పొడవాటిది దువ్వితే పడుకుంటుంది. రాత్రి కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే అది పొద్దుటి పూటకి మార్చుకోమంటాను, జిడ్డు మీద సిలికాన్ జారడమే కాదు, తొందరగా పాడవుతుంది కూడా. పట్టీలు బిగించుకునేవాళ్లకి ప్రతిసారీ చేసి చూపిస్తాను: గాలి నడుస్తుండగా మాస్కును ముఖం నుంచి కాస్త ఎత్తి వదిలితే పొర ఉబ్బి తనంతట తానే కుదురుకుంటుంది. నలిపి బిగిస్తే అది ఉబ్బలేదు.

సంక్రాంతి దాటాక మూడోసారి ఫోన్ చేశాను. ఈసారి వాళ్లబ్బాయితో కాదు, పెద్దాయనతోనే మాట్లాడాను. ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాను. గడ్డం ముట్టుకోనని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. శుక్రవారం తప్ప ఏ రోజైనా వస్తానన్నారు.

మంగళవారం వచ్చారు, బీరువాలోని యంత్రం సంచీతో సహా. మంచం మీద పడుకోబెట్టి, ముక్కు మాస్కు చేతిలో పట్టుకుని, ఏ పక్కకి తిరిగి పడుకుంటారని అడిగాను.

"కుడివైపే బేటీ. చిన్నప్పటి నుంచీ కుడివైపే" అన్నారు.

గొట్టం ఎడమవైపు నుంచి తిప్పాను.