చుక్కల తెలుగు

మా హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లలు రెండు లిపులు నేర్చుకుంటూ పెరుగుతారు. ఇంటి భాషకు ఒకటి, రాష్ట్ర భాషకు ఒకటి. 2006లో తమిళం నేర్వడం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక మన సంఘాలు కోర్టుల చుట్టూ తిరిగిన కథ ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. ఆ కథ జోలికి నేను పోవడం లేదు. ఈ రెండు లిపులూ దాదాపు ఒకటే అయిపోయే చోటు ఒకటుంది. దాని గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. ఆ చోటును నాకు చూపించింది చూపు లేని మా చెల్లెలి కూతురు.

ఆమె 2009లో పుట్టింది. బడి ఈడు వచ్చేసరికి మా అమ్మకు బెంగ పట్టుకుంది. "కండ్లు లేని బిడ్డని ఇస్కూలుకి తోలేది ఎట్లప్పా?" అని రోజూ నన్నే అడిగేది. దగ్గర్లోని ఒక ప్రైవేటు పాఠశాల వారు మర్యాదగానే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఇలాంటి పిల్లలకు వేరే బడులున్నాయి కదా అన్నారు. 2012 సవరణతోనే విద్యాహక్కు చట్టం వైకల్యం ఉన్న పిల్లలను తన పరిధిలోకి తెచ్చుకుంది. ఆ మాట చెప్పాను. చట్టం చట్టమే, మా దగ్గర టీచర్లు లేరండీ అన్నారు.

వేరే బడులు ఉన్న మాట నిజమే. వాటిని తక్కువ చేసి మాట్లాడను. బ్రెయిలీ, లెక్కల చట్రం, చేతికర్ర పట్టుకుని ఒంటరిగా నడవడం, ఇవన్నీ అక్కడ నేర్పినంత శ్రద్ధగా మామూలు బడిలో నేర్పరు. కానీ మాకు అందుబాటులో ఉన్నవన్నీ తమిళ మాధ్యమం బడులు, పైగా హాస్టలులో ఉండాలి. ఆరేళ్ళ పిల్లను అక్కడ వదిలితే ఆమె చదువు ఒక భాషలోనూ తల్లి మరో భాషలోనూ ఉండిపోతారు. చూపున్న పిల్లయితే ఇంటి గోడ మీద క్యాలెండరు చూసి, బస్సు బోర్డు చూసి నాలుగు తెలుగు అక్షరాలు ఏరుకుంటుంది. ఈమెకు ఆ దారి లేదు. అందుకే 2015లో మా వీధి చివరి తెలుగు బడిలోనే ఒకటో తరగతిలో చేర్చాం.

చేర్చడం వేరు, చదువు అందడం వేరు. బడిలో తెలుగు టీచరుకు బ్రెయిలీ రాదు. వారానికి ఒక రోజు వచ్చే ప్రత్యేక టీచరమ్మకు బ్రెయిలీ వచ్చు, తెలుగు రాదు. ఆమె తమిళురాలు. మేము ఏమీ తోచక, ముందు తమిళమే నేర్పమన్నాం.

రెండో ఏడు హైదరాబాదు నుంచి ఒక తెలుగు బ్రెయిలీ వాచకం తెప్పించాం. దానిని ఎవరు నేర్పుతారా అని మేము తల పట్టుకుంటే, ఆ టీచరమ్మ పేజీ మీద చూపుడు వేలు ఆనించి గడగడా చదివేసింది. అర్థం మాత్రం నన్ను అడిగింది! అచ్చులో ఒక్క తెలుగు అక్షరం పోల్చలేని మనిషి చుక్కల్లో మన వాచకం చదువుతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను.

కారణం ఆమే చెప్పింది. 1951లో మన దేశ భాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిలీ అనే పద్ధతి ఏర్పడింది. ఒక్కో గడిలో ఆరు చుక్కలు, రెండు నిలువు వరుసలు. ఎడమ వరుసలో పైదీ కిందిదీ ఉబికి ఉంటే అది 'క'. తెలుగులో అదే, తమిళంలో అదే, హిందీలో అదే. ఇంగ్లీషులో 'కె' కూడా అదే. గుణింతాలు తల మీదా కాళ్ళ కిందా వేలాడవు, హల్లు తరువాతి గడిలో అచ్చు వచ్చి కూర్చుంటుంది. మన 'అమ్మ'కూ తమిళుల 'అమ్మా'కూ చివర ఒక్క దీర్ఘపు గడే తేడా. తమిళంలో లేని గ, ద, బ ఆమెకు ఇంగ్లీషు బ్రెయిలీ నుంచే తెలుసు. మిగిలినవి ఖ, ఘ వంటి ఒత్తక్షరాలు, ఇంకొన్ని. ఒక సాయంత్రం కూర్చుని పట్టిక వేసుకుంది. ఏడాది తిరిగేసరికి మా పిల్లకు రెండు భాషలూ వేళ్ళకు వచ్చేశాయి.

ఆ వాచకాన్ని ఒకసారి మా శాఖకు తీసుకెళ్ళాను. అక్కడ చూపు లేని గుమస్తా ఒకాయన ఉండేవారు, రిజర్వేషనులో వచ్చి మా అందరికంటే చురుగ్గా ఫోనులో పని చక్కబెట్టేవారు. ధర్మపురి వైపు తెలుగింటి మనిషి, చదివింది హాస్టలులో, తమిళంలో. తెలుగు మాట్లాడటమే గాని చదవడం తనకు రాదనుకున్నారు. పుస్తకం చేతికిచ్చి ఏమీ చెప్పలేదు. రెండు పంక్తులు నెమ్మదిగా తడిమి, "ఇది మా అవ్వ మాట్లాడే మాట సార్" అన్నారు. నలభై ఏళ్ళ వయసులో, మధ్యాహ్నం భోజనాల వేళ. ఆయనకు వచ్చిన అక్షరాలే అవి. ఆ అక్షరాల్లో తెలుగు పుస్తకం ఒక్కటి కూడా అంతవరకూ ఆయన చేతికి ఎవరూ ఇవ్వలేదు.

మళ్ళీ తరగతి గదికి వస్తాను. అక్కడ పెద్ద చిక్కు నల్లబల్ల. "దీన్ని ఇందులోంచి తీసేస్తే ఇది వస్తుంది" అంటూ లెక్కల టీచరు సుద్దముక్కతో చూపిస్తుంటే మా పిల్లకు వినిపించేవి దీన్ని, ఇందులోంచి, ఇది అనే మూడు మాటలే. మా చెల్లెలు వెళ్ళి, రాసేది నోటితో కూడా చెప్పండి సార్ అని బతిమాలింది. పైసా ఖర్చు లేని సౌకర్యం ఇది. కొన్నాళ్ళు మరిచిపోతూ, కొన్నాళ్ళు గుర్తు తెచ్చుకుంటూ ఆయన అలవాటు చేసుకున్నారు. వెనుక బెంచీల వాళ్ళకు కూడా లెక్క తెలుస్తోందని తరువాత ఆయనే నవ్వుతూ చెప్పారు. బ్రెయిలీ పలక మీద సూదితో పొడిచే టకటక చప్పుడు మీద మాత్రం తోటి పిల్లల తల్లిదండ్రులు ఒకరిద్దరు ఫిర్యాదు చేశారు. పలక కింద పాత దుప్పటి ముక్క పరిచాం. అంతటితో సరి.

వినికిడి లేని పిల్లల సంగతి ఇలా ఉండదు. సైగల భాష తెలిసిన తోటివారు లేకపోతే నిండు తరగతిలో కూడా ఆ బిడ్డ ఒంటరే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దగ్గరి బడినో ప్రత్యేక బడినో ఎంచుకునే వీలు తల్లిదండ్రులకు వదలడం నాకు సబబుగానే తోస్తుంది. అయితే బడిలో టీచరు లేనిచోట ఎంచుకోవడానికి ఏముంటుంది? ఇలాంటి పిల్లలు ప్రాథమిక స్థాయిలో పది మందికీ, పై తరగతుల్లో పదిహేను మందికీ ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మా పిల్లకు వారానికి ఒక రోజే దక్కింది. ఆ రోజు పండుగ వస్తే అదీ లేదు.

పదో తరగతి పరీక్షకు మరో అడ్డు వచ్చింది. రాసిపెట్టడానికి వేసిన టీచరుకు తెలుగు రాదు. గంట అదనపు సమయం ఇచ్చారు సరే, చెప్పే భాష రాయడం రానివారికి నాలుగు గంటలిచ్చినా ఏం లాభం? మా చెల్లెలు వారం రోజులు కార్యాలయాల మెట్లెక్కింది. చివరకు తెలుగు వచ్చినవారిని వేశారు. బళ్ళారిలో, బరంపురంలో ఉన్న మీ పిల్లలకూ ఈ బెడద తప్పదు. దరఖాస్తులో వైకల్యం రాసినచోటే ఏ భాష రాయగల సహాయకుడు కావాలో కూడా రాసివ్వండి. హాల్ టికెట్టు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

ఇప్పుడామె ఇంగ్లీషు మాధ్యమంలో కామర్సు చదువుతోంది. ఆదివారాలు నా దగ్గర కూర్చుని ఖాతాలు నేర్చుకుంటోంది. అప్పు ఒకవైపు, జమ ఒకవైపు ఎదురెదురుగా చూడటం మనకు అలవాటు. ఆమె అప్పు పక్క అంతా తడిమి మనసులో పెట్టుకుని, తరువాత జమ పక్కకు వెళుతుంది. "మామా, నువ్వు ఒకేసారి రెండూ చూస్తావా, అది మోసం కదా" అంటుంది. కంప్యూటరు చదివి వినిపించే పాఠాలు ఇంగ్లీషులో బాగానే ఉన్నాయి. తెలుగు పాఠ్యపుస్తకం మాత్రం బ్రెయిలీలో ఇంకా అందలేదు. రోజూ రాత్రి మా చెల్లెలు ఒక పాఠం చదువుతుంటే, పక్కన కూర్చుని పిల్ల టకటకా పొడుచుకుంటోంది. ఇప్పటికి ఏడు పాఠాలయ్యాయి.